"వచ్చాడట"లో ఆ 'ట' ఎవరిది?

"వచ్చాడట"లో చివరి 'ట' తీసేసినా అర్థం చెడదు కదా, మరి ఎందుకది అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. చెడదు, కానీ పూచీ మారుతుంది. వచ్చాడు అంటే ఆ సంగతి నాకు తెలుసు. వచ్చాడట అంటే ఎవరో చెప్పారు, నేను చూడలేదు, రేపు అబద్ధమని తేలితే నన్ను అడక్కండి.

తమిళంలో 'వందానాం' చివర ఆం, కన్నడంలో 'బందనంతె' చివర అంతె ఇదే పని చేస్తాయి. టర్కిష్‌లో 'మిష్' అనే ప్రత్యయానిదీ దాదాపు ఇదే కొలువు. ఇంగ్లీషులో క్రియకు తగిలించే ఇలాంటి ముక్క లేదు. అందుకేనేమో మనవాళ్ళు ఇంగ్లీషు మాట్లాడుతూ వాక్యం చివర 'ఇట్ సీమ్స్' అని అతుకు వేస్తారు. మన పత్రికలకు మాత్రం 'ట' అంటే చిన్నచూపు. 'అని సమాచారం', 'అని తెలిసింది', లేదా 'అని భోగట్టా' అంటారు. అదే 'ట', చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చింది, అంతే.

సామెతల సంగతి చూడండి. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నాడట. ఎవడు ఎక్కాడు, ఎవరు అడిగారు? సాక్షి ఎవరూ లేరు. 'అనగనగా' కూడా అదే కుదురు, 'అను'లోంచి వచ్చిందే. కథ మొదలుపెట్టేటప్పుడే చెప్పేవాడు చేతులు కడిగేసుకుంటున్నాడన్నమాట.

నాకు బాగా ఇష్టమైనది ఈ 'ట' 'నేను', 'నువ్వు' అనే మాటలతో చేసే అల్లరి. "చిన్నప్పుడు నేను నీళ్ళంటే భయపడేవాణ్ణట." ఇక్కడ నా గురించి నాకే కబురు అందింది. "నేను మాటిచ్చానట!" అంటే మాత్రం ఇవ్వలేదని అర్థం. రెంటిలోనూ అదే 'ట'. నోటితో అంటే గొంతే తేడా చెప్పేస్తుంది. కాగితం మీద గొంతు ఉండదు కాబట్టి చుట్టూ ఉన్న వాక్యాలు ఆ పని చెయ్యాలి. ఆశ్చర్యార్థకం పెట్టి వదిలేయడం నా దృష్టిలో బద్ధకం, పైన నేను చేసిందీ అదే అనుకోండి.

ఇక "ఉద్యోగం మానేశావటగా?" అన్న వాక్యం. పైకి ప్రశ్న. లోపల మూడు సంగతులున్నాయి: విషయం నాకు తెలిసింది, చెప్పింది నువ్వు కాదు, అందుకే మనసు కష్టపడింది. ఇద్దరు స్నేహితులు దూరమయ్యారని చెప్పడానికి ఒక పేరా రాయబోయే ముందు ఈ ఒక్క వాక్యం రాసి చూడండి, పేరా అక్కర్లేకపోవచ్చు. "ఎప్పుడొస్తాడు?" బదులు "ఎప్పుడొస్తాడట?" అంటే కూడా అంతే, గదిలోకి మూడో మనిషి వచ్చేస్తాడు. జవాబు చెప్పేవాడు ఉత్త వార్తాహరుడైపోతాడు.

ఈమధ్య ఒక కథలో దీన్నే నమ్ముకున్నాను. ఎదురింటి గొడవ గురించి ఒకావిడ చెబుతూ ఉంటుంది. తనకేమీ తెలియదనీ, నలుగురూ అనుకోగా విన్నదేననీ ముందే ఒట్టేసినట్టు అంటుంది. తర్వాత ఇలా:

"ఆయన చాలా పొద్దుపోయి వచ్చాడట. ఆమె తలుపు తియ్యలేదట. రెండుసార్లు కొట్టాడట. మూడోసారి చెయ్యెత్తి, కొట్టకుండా మెట్లమీద కూర్చుండిపోయాడు. తెల్లారేసరికి లేడట."

నాలుగు చోట్ల 'ట' ఉంది, ఒకచోట లేదు. ఎత్తిన చెయ్యి కిందికి దిగడం ఆవిడ చూసింది. ఆ రాత్రి ఎక్కడ నిలబడి చూసిందో, ఎందుకు మేలుకునుందో ఇక కథ చెప్పనక్కర్లేదు. అలా అనుకుని మురిసిపోయాను.

ప్రాంతాన్ని బట్టి 'వచ్చిండట', 'వచ్చాడంట', 'వచ్చినాడంట' ఏదైనా వాడొచ్చు, పాత్ర నోటికి ఏది వస్తే అది. ఒక్క ఇబ్బంది, వరసగా ట ట ట అని కొడితే టైపు మిషన్ పక్కన కూర్చున్నట్టుంటుంది. నేను నాలుగుకు మించి వెళ్ళకపోవడానికి కారణం అదే.

కథ ఒక మిత్రుడికి పంపాను, అక్షరదోషాలు చూసిపెట్టమని. చాలా శ్రద్ధగా చూశాడు. "కూర్చుండిపోయాడు" పక్కన ఎర్ర సిరాతో 'ట' చేర్చి, "ఇక్కడొకటి పడిపోయింది" అని రాశాడు.

ఇప్పుడు నా టెన్షన్ అదే. ముందు ఇంకో రెండు 'ట'లు పెంచాలా? లేక ఆ వాక్యం తర్వాత ఆవిడ చేత ఒక్క క్షణం మాట ఆపించాలా? మీరైతే ఏం చేస్తారు?