గుద్దుకున్న కారులో కుంగిన స్టీరింగ్ కాలమ్‌ని లాగి వెల్డింగ్ పెట్టించవచ్చా?

నెమ్మది_బండి అడిగినది:

పోయిన నెల తెల్లవారుజామున కునుకు పట్టి, ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దాను. తప్పు పూర్తిగా నాదే. బెల్ట్ పెట్టుకున్నాను, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది. ఛాతీ మీద బెల్ట్ చార తప్ప నాకేమీ కాలేదు. కారు ఇప్పుడు షెడ్డులో ఉంది.

నిన్న చూడ్డానికి వెళ్తే స్టీరింగ్ వీల్ డాష్‌బోర్డు వైపు నాలుగు వేళ్ల మేర లోపలికి పోయి ఉంది. మెకానిక్ ఏమన్నాడంటే: "కాలమ్, అంటే వీల్‌ని పట్టుకునే గొట్టం, కుంగింది సార్. లాగి పాత కొలతకి తెచ్చి రెండు చోట్ల వెల్డింగ్ పెట్టేస్తాను, ముందుకన్నా గట్టిగా ఉంటుంది. కొత్తది దండగ." నాకు సబబుగానే తోచింది. మా బావమరిది మాత్రం "అది కుంగడానికే చేస్తారు బావా, వెల్డింగ్ జోలికి పోవద్దు" అని పట్టుబడుతున్నాడు. వాడికి కార్ల గురించి తెలిసిందంతా వీడియోల్లో చూసిందే.

స్టీరింగ్ లాంటి ముఖ్యమైన భాగాన్ని కావాలని కుంగేలా ఎందుకు చేస్తారు? గట్టిగా ఉంటేనే మంచిది కదా?

స్పానర్_చెయ్యి:

వెల్డింగ్ వద్దే వద్దు. నేనూ మెకానిక్‌నే. ఇంకో మాట: వీల్ ఊడదీసేటప్పుడు కొందరు షాఫ్ట్ (కాలమ్ లోపల తిరిగే కడ్డీ) కొస మీద సుత్తితో కొడతారు. లోపలి ప్లాస్టిక్ పిన్నులు ఆ దెబ్బకే తెగవచ్చు, బయటికి ఏమీ కనిపించదు. వీల్‌ని లాగి ఊడదీసే పనిముట్టు, పుల్లర్, వాడాలి. మీ కాలమ్ కుంగిందని కంటికే తెలుస్తోంది, ఇక అనుమానం ఎందుకు? మార్చేయండి.

కాలమ్_మాష్టారు:

పంతొమ్మిదేళ్లు స్టీరింగ్ కాలమ్‌ల డిజైన్‌లో పనిచేశాను, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను. మీ బావమరిదికి ఒక కాఫీ బాకీ పడ్డారు.

వీల్ వల్ల డ్రైవర్‌కి రెండు రకాల ముప్పు. మొదటిది, కారు ముక్కు నలిగినప్పుడు, ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ గేర్‌బాక్సు వెనక్కి తోసుకొస్తుంది. 1960ల దాకా చాలా కార్లలో గేర్‌బాక్సు నుంచి వీల్ దాకా ఒకటే పొడుగాటి ఇనుప కడ్డీ ఉండేది. గుద్దుకుంటే అది ఈటెలా డ్రైవర్ గుండెల మీదికి వచ్చేది. దీనికి విరుగుడు సులువు. షాఫ్ట్‌ని రెండు మూడు ముక్కలు చేసి, మధ్యలో యూనివర్సల్ జాయింట్లు (వంగి ఉన్నా తిరిగే కీళ్లు) పెట్టి, వంకరగా నడిపిస్తాం. ముందునుంచి తోస్తే మడుచుకుంటుంది, లేదా ఒకదానిలోకి ఒకటి దూరుతుంది. అమెరికా నిబంధన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 204 చెప్పేది ఇదే: 48 కిలోమీటర్ల వేగంతో కారు గోడను గుద్దితే కాలమ్ 127 మిల్లీమీటర్లకు మించి వెనక్కి రాకూడదు.

రెండోది నా అసలు పని. కారు ఆగిపోయింది, మీరు ఆగలేదు. మీ ఛాతీ వెళ్లి వీల్‌ని గుద్దుతుంది. 203వ నిబంధన దీని కోసం. మనిషి మొండెం ఆకారంలో సుమారు 35 కిలోల దిమ్మెను 24 కిలోమీటర్ల వేగంతో వీల్ మీదికి వదులుతారు. దాని మీద పడే బలం 11,120 న్యూటన్లు దాటకూడదు. దాటినా అది 3 మిల్లీసెకన్ల కన్నా తక్కువ సేపే ఉండాలి. ఈ రెండు నిబంధనలూ 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

కాగితం మీద లెక్కేసి చూడండి. 24 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 6.7 మీటర్లు. 35 కిలోల దిమ్మెలో సుమారు 785 జౌల్స్ శక్తి ఉంటుంది. దాన్ని 2 సెంటీమీటర్లలో ఆపితే సగటు బలం 39,000 న్యూటన్లు. 10 సెంటీమీటర్లలో ఆపితే 8,000 లోపే. మధ్యలో ఉన్న ఆ ఎనిమిది సెంటీమీటర్ల కోసమే నేను జీతం తీసుకున్నాను.

అలాగని మెత్తగా చేస్తే సరిపోదు. మరీ మెత్తగా ఉంటే కాలమ్ తొందరగా కుంగిపోయి, చివరికి తగిలే చోట ఒక్కసారిగా గట్టి దెబ్బ వేస్తుంది. పైగా రోజూ మీరు కారెక్కేటప్పుడు వీల్ పట్టుకుని ఒంటి బరువంతా దాని మీద వేస్తారు (వేయనివాళ్లని నేనింకా చూడలేదు). అప్పుడు కదలకూడదు. ఇంజిన్ వణుకు వీల్‌లోకి రాకూడదు. అన్ని దిక్కులా బండరాయిలా ఉండి, పొడవు వెంట మాత్రం ఫలానా బలం దాటగానే లొంగాలి, లొంగుతూ కూడా ఎదురు నిలవాలి. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఏళ్లు.

దీనికి రకరకాల ఉపాయాలు వచ్చాయి. 1967 మోడల్ జనరల్ మోటార్స్ కార్లలో కాలమ్ గొట్టానికి వజ్రాల ఆకారంలో కంతలు కోశారు. కాగితపు లాంతరును పైనుంచి నొక్కితే ఎలా ముడుచుకుంటుందో అలా ముడుచుకునేది. మెర్సిడెస్‌లో బేలా బరేన్యీ అనే ఇంజినీరు 1960ల్లోనే ఇలాంటి భద్ర స్టీరింగ్ మీద పనిచేశాడు. తర్వాత ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాల మధ్య ఉక్కు గోళీలు పెట్టారు. గోళీలు సందు కన్నా కాస్త పెద్దవి కాబట్టి, గొట్టం లోపలికి పోతున్నప్పుడు లోహంలో చాళ్లు దున్నుకుంటూ వెళ్తాయి. శక్తి అంతా ఆ దున్నడంలో ఖర్చవుతుంది. ఈ మధ్య వాటిలో ఉక్కు పట్టీ ఒక మూల చుట్టూ వంగుతూ లాగబడుతుంది. కాలమ్‌ని బాడీకి పట్టుకునే బ్రాకెట్టులోనూ తెగడానికే పెట్టిన ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఇరుక్కుపోవడం. కాలమ్ ఏటవాలుగా ఉంటుంది, మనిషి అడ్డంగా ముందుకు వస్తాడు. కాబట్టి బలంలో కొంత వీల్‌ని పైకి ఎత్తుతుంది, గొట్టం వంగుతుంది. బీరువా సొరుగుని ఒక మూల పట్టుకుని తోస్తే బిగుసుకుంటుంది చూడండి, అదే. మా మొదటి నమూనాని నిలువుగా నిలబెట్టి నొక్కితే వెన్నలా జారింది. కేక్ కూడా కోశాం. తర్వాత వారం దాన్నే అసలు కోణంలో పెట్టి దిమ్మెతో గుద్దిస్తే ఒక్క సెంటీమీటరు పోయి ఆగిపోయింది. బలం గ్రాఫు తాటిచెట్టులా పైకి లేచింది. రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉండే పొడవు పెంచి, బ్రాకెట్టు చోటు మార్చడానికి మాకు ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు మీ కారు సంగతి. ఆ కాలమ్ తన పని ఒకసారి చేసేసింది. దాన్ని వెనక్కి లాగినంత మాత్రాన తెగిన పిన్నులు అతుక్కోవు, దున్నిన చాళ్లు పూడవు, వంగిన పట్టీ కొత్తది కాదు. లాగి వదిలేస్తే ఈసారి ఎదురు నిలవకుండా జారిపోతుంది. వెల్డింగ్ పెడితే అసలు కదలదు, అంటే 1960ల ముందు నాటి కడ్డీని మళ్లీ కొనుక్కున్నట్టే. పైగా ఎయిర్‌బ్యాగ్‌కి వెనక దన్నుగా ఉండేది ఈ కాలమ్. బ్యాగు, బెల్టు, కాలమ్ మూడూ కలిసి పని పంచుకునేలా లెక్క కడతాం. ఒకటి మొరాయిస్తే మిగతా రెండింటి మీద భారం పడుతుంది.

మీ మెకానిక్ చెడ్డవాడని కాదు. "గట్టిగా ఉంటే మంచిది" అనేది కారులో చాలా భాగాలకు నిజం. ఇక్కడ కాదు.

ఇనుప_గుర్రం:

మాష్టారూ, మా నాన్నగారి పాత కారు గుద్దితే బంపర్‌కి సొట్ట కూడా పడేది కాదు. ఇప్పటివన్నీ రేకు డబ్బాలు. ఈ కుంగడాలన్నీ స్పేర్‌పార్టులు అమ్ముకోవడానికే అని నా అనుమానం.

కాలమ్_మాష్టారు:

కారుకి సొట్ట పడకపోతే ఆ దెబ్బ లోపలున్న మనిషికి వెళ్లిందన్నమాట. నాన్నగారు నెమ్మదిగా నడిపి ఉంటారు, అదృష్టం. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 1981లో ఈ రెండు నిబంధనల ఫలితాన్ని లెక్కగట్టింది. ముందువైపు గుద్దుకునే ప్రమాదాల్లో డ్రైవర్ చనిపోయే ముప్పు సుమారు 12 శాతం తగ్గింది. స్పేర్‌పార్టుల వ్యాపారం మీద మీ కోపం వేరే విషయం, దానిలో నేనూ మీ పక్షమే.

నెమ్మది_బండి:

అందరికీ థాంక్స్. పొద్దున్నే షెడ్డుకి ఫోన్ చేశాను. లాగడం నిన్న సాయంత్రమే అయిపోయిందట, వెల్డింగ్ ఇంకా పెట్టలేదు. ఆపించి కొత్తది తెప్పించమన్నాను. కాస్త నొచ్చుకున్నాడు గానీ సరే అన్నాడు. కాలమ్‌తో పాటు ఇంకేం చూడమనాలి? ఇంకొకటి, మా ఆవిడ పొట్టి. వీల్‌కి బాగా దగ్గరగా కూర్చుని నడుపుతుంది. ఫర్వాలేదా?

కాలమ్_మాష్టారు:

కింది షాఫ్టు, దాని జాయింట్లు, బ్రాకెట్టు బిగించిన చోటు ఒంగిందేమో చూడమనండి. ఎయిర్‌బ్యాగ్ ఎలాగూ కొత్తది వేయాలి. గుద్దినప్పుడు బెల్టుని ఒక్కసారిగా బిగించే భాగం పేలి ఉంటే అదీ మార్చాలి. బోల్టులు కంపెనీవే, చెప్పిన బిగువుకే.

మీ ఆవిడ రొమ్ము ఎముకకీ వీల్ మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. బ్యాగు విచ్చుకోవడానికి ఆ చోటు కావాలి. సీటు వెనక్కి జరిపి, వీపు కాస్త వాల్చి, కింద దిండు వేసి చూడండి. వీల్ వంపు మార్చే వీలుంటే ముఖం వైపు కాకుండా ఛాతీ వైపు తిప్పి పెట్టండి.

పాత కాలమ్ షెడ్డులో వదిలేయకండి, అడిగి తెచ్చుకోండి. దాన్ని ఇంకో కారుకి బిగించకుండా ఉంటారు. వీలైతే బ్రాకెట్టు దగ్గర తెగిన ప్లాస్టిక్ ముక్కల ఫొటో ఇక్కడ పెట్టండి. రిటైరయ్యాక అలాంటివి చూసి చాలా కాలమైంది.