వజ్రాల సీజన్ మీద తెలుగు డిటెక్టివ్ గేమ్: ఒత్తులు విడిపోతున్నాయి, ఆటగాళ్లు ఊహించి గెలుస్తున్నారు

గుత్తికోట_గేమ్స్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేన్లలో జనం వజ్రాలు వెతుకుతారు కదా, ఆ రోజుల మీద ఒక డిటెక్టివ్ గేమ్ ఒక్కడినే చేస్తున్నాను. గోడో 4.3 గేమ్ ఇంజిన్, 2డి, మాటలన్నీ తెలుగే. కథ 2023 జూన్‌లో. ఒక కూలీకి చేన్లో రాయి దొరుకుతుంది. దళారి కొంటాడు. మూడో రోజు గుంతకల్లు లాడ్జిలో దళారి శవమై కనిపిస్తాడు, జేబులో రాయి మాత్రం ఉంటుంది. అది వజ్రం కాదు, పలుగురాయి (క్వార్ట్జ్). ఆడేవాళ్లు ఎస్ఐ పాత్రలో ఉంటారు. ఐదుగురు అనుమానితులు, 23 ఆధారాలు, సుమారు నలభై నిమిషాల ఆట.

మూడు చోట్ల ఆగిపోయాను.

బ్రౌజర్ బిల్డ్‌లో తెలుగంతా డబ్బాలుగా వచ్చింది. ఫాంట్ పెట్టాక డబ్బాలు పోయాయి గానీ, మాటలు ఒక్కో అక్షరంగా పడేటప్పుడు ఒత్తులు విడిపోయి మళ్లీ అతుక్కుంటున్నాయి. "రాత్రి" అనే మాట ముందు "రాత్" అని కనిపించి తర్వాత మారుతోంది.

రెండోది: చివర్లో ఎవరు, దేనితో, ఎప్పుడు అని మూడు డ్రాప్‌డౌన్లు ఇచ్చాను. ఏది సరైతే దానికి పచ్చరంగు వస్తుంది. ఆధారాలు సగం కూడా చూడకుండానే నొక్కి నొక్కి గెలుస్తున్నారు.

మూడోది: ఎక్కడ పెట్టాలి? ఉచితంగానా, డబ్బుకా?

హంద్రీ_కోడ్ (కర్నూలు)

మొదటిదానికి చెబుతాను. పీసీలో ఆడినప్పుడు గోడో సిస్టంలోని తెలుగు ఫాంట్‌ను వెతికి తెచ్చుకుంటుంది. బ్రౌజర్‌లో ఆ దారి లేదు, గోడో సొంత ఫాంట్‌లో తెలుగు లేదు, అందుకే డబ్బాలు. ఫాంట్‌ను ప్రాజెక్ట్‌లోనే పెట్టి థీమ్‌లో డిఫాల్ట్‌గా ఇవ్వాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కిందే ఉన్నాయి. ఆ లైసెన్స్ ఫైల్‌ను కూడా గేమ్‌తో పాటు ఇవ్వండి. సైజు తగ్గిద్దామని ఫాంట్‌ను కత్తిరించకండి. యూనికోడ్ పట్టిక చూసి అక్షరాలు మాత్రమే ఉంచుకుంటే ఒత్తుల రూపాలు పోతాయి, వాటికి విడిగా కోడ్ నంబర్లు లేవు.

విడిపోయే ఒత్తులకు మందు ఒక్క సెట్టింగే. లేబుల్‌లో, రిచ్ టెక్స్ట్ లేబుల్‌లో "విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్" అని ఉంటుంది. డిఫాల్ట్‌గా అది "బిఫోర్ షేపింగ్"లో ఉంటుంది, అంటే అక్షరాలు కలవకముందే లెక్కపెట్టి కోస్తుంది. "ఆఫ్టర్ షేపింగ్" పెట్టండి. అప్పుడు పదం ముందే కలిసిపోయి ఉంటుంది, కనిపించడం మాత్రమే అంచెలంచెలుగా జరుగుతుంది. లైన్ స్పేసింగ్ కూడా పెంచండి. ఇంగ్లీషుకు సరిపోయిన ఎడంలో పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

వెబ్ ఎక్స్‌పోర్ట్‌లో ఇంకా చూసుకోవాల్సినవి: రెండరర్ (తెర మీద బొమ్మ గీసే భాగం) "కంపాటిబిలిటీ"లో ఉండాలి. 4.3 నుంచి థ్రెడ్లు (ఒకేసారి పక్కపక్కన నడిచే పనులు) లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసే వీలుంది, అదే వాడండి. థ్రెడ్లు ఉంటే షేర్డ్ అర్రే బఫర్ (అవి పంచుకునే మెమరీ) కావాలి, అది కొన్ని బ్రౌజర్లలో మొరాయిస్తుంది. ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా విండోస్ పట్టించుకోదు, వెబ్ పట్టించుకుంటుంది. మీ దగ్గర కనిపించే బొమ్మ అక్కడ రాకపోతే ముందు అదే వెతకండి. సేవ్ గురించి ఒక హెచ్చరిక: వెబ్‌లో సేవ్ బ్రౌజర్ నిల్వలోకి పోతుంది, గేమ్ వేరే సైట్ ఫ్రేమ్ లోపల నడిచినప్పుడు కొన్ని బ్రౌజర్లు దాన్ని ఆపేస్తాయి. ఆట మొదట్లోనే నిల్వ పనిచేస్తుందో లేదో పరీక్షించి, లేకపోతే తెర మీద చెప్పేయండి. ఇరవై ఆధారాలు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ తెరవరు.

పెన్నా_ఒడ్డు (కడప)

రెండోదాన్ని లెక్కతో చూద్దాం. మీ దగ్గర ఐదుగురు మనుషులు. ఆయుధాలు నాలుగు, సమయాలు నాలుగు అనుకుందాం. దేనికది పచ్చరంగు చూపిస్తే ఎక్కువలో ఎక్కువ 5+4+4 = 13 నొక్కులు. మూడూ కలిపి మాత్రమే ఒప్పో తప్పో చెబితే 5×4×4 = 80. పచ్చరంగు తీసేయడం ఒక్కటే మీ ఆటను ఆరింతలు గట్టి చేస్తుంది. లూకాస్ పోప్ 2018లో విడుదల చేసిన "రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్"లో చేసింది దాదాపు ఇదే: మూడు మరణాలు సరిగ్గా పూరిస్తేనే ఆ మూడింటినీ ఖాయం చేస్తుంది. మీరు నాలుగో ఖాళీ కూడా పెట్టండి: "ఏ ఆధారం వల్ల?" 23లో ఒకటి ఎంచుకోవాలి. ఊహించేవాళ్లు అక్కడ ఆగుతారు, తెలిసినవాళ్లు ఆగరు.

ఆధారాలకు ఒక పట్టిక వేసుకోండి. అడ్డంగా 23 ఆధారాలు, నిలువుగా ఆటగాళ్లు చేరాల్సిన నిర్ధారణలు (రాయి మారింది, మార్చింది లాడ్జికి రాకముందే, అలా). ప్రతి నిర్ధారణకూ కనీసం మూడు టిక్కులు పడాలి, ఆ మూడూ ఒకే తాళం వెనక ఉండకూడదు. ఒకే టిక్కు ఉన్న వరుస దగ్గరే జనం ఇరుక్కుంటారు.

ఇప్పుడు అసలు మాట. "____ దళారిని చంపాడు" అని వాక్యం రాశారనుకోండి, ఐదుగురిలో ఉన్న ఆడవాళ్లంతా ఆ క్షణానే నిర్దోషులు. ఇంగ్లీషు వాక్యంలో ఈ లీకు ఉండదు, మన క్రియలో ఉంటుంది. "హత్య చేసిన మనిషి: ____" అని ఫారంలా పెట్టండి. ఖాళీలో పడే మాటలకు విభక్తులు కోడ్‌తో అతికించొద్దు. "ఇల్లు" పక్కన "లో" చేరిస్తే "ఇల్లులో" అవుతుంది, కావాల్సింది "ఇంట్లో". ప్రతి నామవాచకానికీ నాలుగు రూపాలు చేత్తో రాసి పెట్టుకోండి: ఊరు, ఊరిని, ఊరికి, ఊర్లో. యాభై మాటలుంటే ఒక పూట పని.

ఇదే క్రియను మీకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. లాడ్జి కుర్రాడు "ఎవరో వచ్చి పోయినారు సార్" అంటే ఆడో మగో తెలియదు, ఒకరో ఇద్దరో కూడా తెలియదు. వరసలు ఇంకా గొప్ప ఆధారాలు. ఒక అనుమానితుడు దళారిని "మామ" అన్నాడంటే ఒక లెక్క, నోరుజారి "చిన్నాయన" అన్నాడంటే వేరే లెక్క. చిన్నాయన అంటే చాలాసార్లు తండ్రి తమ్ముడు, అంటే దాయాది, అంటే పొలంలో భాగం. తగాదా ఎక్కడుందో ఒక్క పిలుపులో బయటపడింది. యాస కూడా అంతే. "వచ్చినాడు" అనే మనిషి మనవాడు. "వచ్చిండు" అంటే తుంగభద్ర అవతలి గాలి. వాంగ్మూలం రాసిన కాగితంలో ఈ రెండూ కలగలిసి ఉంటే దాన్ని ఇంకెవరో రాశారని చూసేవాళ్లకు తెలియాలి. దయచేసి పాత్రలన్నిటికీ పుస్తకాల తెలుగు పెట్టకండి, ఆధారాలను చేజేతులా చెరిపేసినట్లవుతుంది.

ఇంకొక్కటి అడగకపోయినా చెబుతున్నాను: సీమ అనగానే ఫ్యాక్షన్, నాటుబాంబులు తేవద్దు. చేన్లో వంగి రాళ్లు ఏరే మనుషుల కథ మీ చేతిలో ఉంది.

గుత్తికోట_గేమ్స్

పెన్నా అన్నా, చంపాడు/చంపింది సంగతి నాకు తట్టనే లేదు. ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు నా జాబితాలో. డ్రాప్‌డౌన్ బదులు పేర్లు టైపు చేయిస్తే ఊహించడం ఇంకా తగ్గుతుందా?

హంద్రీ_కోడ్

టైపు వద్దు. మన ఊరి పేర్లకే రెండు రాతలు ఉంటాయి: ఎర్రగుంట్ల, యర్రగుంట్ల, కర్నూలు, కర్నూల్. పైగా "కర్నూల్‌లో" లాంటి మాటల్లో కొన్ని కీబోర్డులు కంటికి కనపడని విడదీసే గుర్తు చేరుస్తాయి, కొన్ని చేర్చవు. చూపుకు ఒకటే, కోడ్‌కు రెండు వేర్వేరు మాటలు. జవాబు తెలిసి కూడా తప్పు అనిపించుకోవడం డిటెక్టివ్ గేమ్‌లో అన్నిటికంటే పెద్ద అన్యాయం.

రైటర్_టేబుల్ (కర్నూలు)

ఎస్ఐ పాత్ర అన్నారు కాబట్టి కాగితాల సంగతి. 2023 జూన్ అయితే పాత చట్టాలే: హత్య ఐపీసీ 302, ఎఫ్ఐఆర్ సీఆర్పీసీ 154, శవ పంచనామా 174. కథను 2024 జూలై 1 తర్వాతికి జరిపితే అవి కొత్త చట్టాల్లో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173, 194 అవుతాయి. తెర మీద ఎఫ్ఐఆర్ చూపిస్తే తేదీ, సెక్షన్ పొంతన కుదరాలి.

పంచనామాకు చుట్టుపక్కల ఉండే పెద్దమనుషులు కనీసం ఇద్దరు కావాలి. లాడ్జి మేనేజరును పంచుగా కూర్చోబెట్టి, తర్వాత అతన్నే అనుమానితుణ్ణి చేస్తే కథలో మంచి మెలిక, కానీ ఆటలో ఎవరో ఒకరు ఆ తప్పును ఎత్తి చూపాలి.

ముగింపులో హంతకుడు కుప్పకూలి ఒప్పేసుకునే సీన్ పెట్టి ఉంటే మార్చండి. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు, మీ కథ నాటి పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్. 27 మాత్రం ఒక సందు ఇస్తుంది: అతను చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేర చెల్లుతుంది. అంటే మీ ఆట గెలవాల్సింది ఒప్పుకోలుతో కాదు, అసలు వజ్రం దొరకడంతో. మీ కథకు అది చక్కగా అతుకుతుంది.

మరణ సమయాన్ని "రాత్రి 11:20" అని డాక్టరు నోట చెప్పించకండి. శవం బిగుసుకోవడం ఎండాకాలంలో త్వరగా మొదలై త్వరగా సడలుతుంది, డాక్టరు ఒక వ్యవధి మాత్రమే చెబుతారు. డ్రాప్‌డౌన్‌లో కూడా వ్యవధులే పెట్టి, దాన్ని కుదించే పని లాడ్జి రిజిస్టరుకు, రైలు టైముకు అప్పగించండి.

బుగ్గవంక (కడప)

మూడో ప్రశ్న మిగిలింది. ముందు ఇచ్ ఐఓలో (చిన్న గేమ్‌లు పెట్టుకునే సైట్) ఉచితంగా, "బ్రౌజర్‌లో ఆడండి" పద్ధతిలో పెట్టండి. జిప్ విప్పగానే పైన్నే ఇండెక్స్ పేజీ ఉండాలి, ఇంకో ఫోల్డర్ లోపల పెట్టకండి. ఫైళ్లు 1000 దాటకూడదు. పేజీ మొదట పాస్‌వర్డ్‌తో ఉంచి, ఒక ఐదుగురికి పంపండి. వాళ్లు ఆడేటప్పుడు మీరు నోరు విప్పొద్దు; ఏ ఆధారం ఎన్నో నిమిషంలో తెరిచారో గేమ్‌లోనే రాసి పెట్టించండి. ఒకే ఆధారం దగ్గర ముగ్గురు ఐదు నిమిషాలు తిరిగితే పట్టికలో ఆ ఆధారం కింది నిలువు వరుస చూడండి.

డబ్బు సంగతి: పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులను 2021 ఏప్రిల్‌లో ఆపేసింది. ఆ దారిలో పెడితే అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కట్టగలరు, ఆదోనిలో ఉన్నవాళ్లు కట్టలేరు. అందుకే ఇచ్‌లో ఉచితం, అమ్మకం స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు అమ్మే దుకాణం). స్టీమ్‌కు ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి, అమ్మకాలు 1000 డాలర్లు దాటాక అది వెనక్కి వస్తుంది. కట్టిన రోజు నుంచి 30 రోజులు ఆగాలి, "త్వరలో" పేజీ కనీసం రెండు వారాలు కనపడాలి. ట్యాక్స్ ఫారంలో పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా ఒప్పందం వర్తించేలా నింపండి, లేకపోతే అమెరికా అమ్మకాల మీద 30 శాతం కోత పడుతుంది.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేసే ముందు పెన్నా గారు చెప్పిన "చిన్నాయన" ఆధారాన్ని గుర్తు పెట్టుకోండి. మామ కూడా చిన్నాయన కూడా "అంకుల్" అయిపోతే ఆధారం చచ్చిపోతుంది. ఇంగ్లీషు వెర్షన్‌లో దాని బదులు పాస్‌బుక్ లాంటి ఇంకో కాగితం పెట్టాలి.

గుత్తికోట_గేమ్స్

అందరికీ చేతులెత్తి దండం. ఈ వారం పచ్చరంగు తీసేసి, ఫారం, పట్టిక పెడుతున్నాను. ముగింపు కూడా మారుస్తున్నాను. ఒకటి మిగిలింది: జేబులోది పలుగురాయి అని ఆటగాళ్లే తేల్చాలి. ప్రస్తుతం నగల వ్యాపారి చూసి చెప్పేస్తున్నాడు, అది నాకే నచ్చడం లేదు.

పెన్నా_ఒడ్డు

త్రాసు, గ్లాసు నీళ్లు ఇవ్వండి, చాలు. వజ్రం సాంద్రత 3.52, పలుగురాయిది 2.65. కూలీకి దొరికింది 10 క్యారట్లు అనుకుంటే 2 గ్రాములు. అదే బరువున్న పలుగురాయిని పెట్టి మార్చారు కాబట్టి గాలిలో తూస్తే తేడా రాదు. దారం కట్టి నీళ్లలో వేలాడదీసి తూస్తే వజ్రం 1.43, పలుగురాయి 1.25 చూపిస్తుంది. దళారి చీటీ మీద గాలి బరువు, నీటి బరువు రెండూ రాసి ఉంచండి, ఎందుకు రాశాడో చెప్పకండి. రాయి మరీ చిన్నది పెట్టొద్దు: 2 క్యారట్లకు దిగితే నీటి బరువుల తేడా 0.04 గ్రాము కూడా ఉండదు, 0.1 గ్రాము దాకా చూపే త్రాసుకు అది అందదు. ఆటలోని త్రాసు తెర మీద రెండు దశాంశ స్థానాలు తప్పకుండా కనపడాలి.