విక్రాంత్ ఫొటో అల్యూమినియం రేకు మీద: సబ్లిమేషనా, యూవీనా?

కొర్లగుంట_తిరుపతి
మాజీ సైనికుల సంఘం హాల్లో పెట్టడానికి రెండు మెటల్ ప్రింట్లు కావాలి. ఒకటి 1961 నవంబర్ 3న విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ తొలిసారి బొంబాయి చేరినప్పటి బ్లాక్ అండ్ వైట్ ఫొటో, డెక్ అంచున తెల్ల యూనిఫాంలో నావికులు బారులు తీరి ఉన్నది. రెండోది ఆరుగురు మహిళా అధికారులు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి 2018 మే 21న గోవా చేరినప్పటి కలర్ ఫొటో. విక్రాంత్ ఫైలు 1800×1200 పిక్సెళ్లే. సైజు 18×12 అంగుళాలు. మగ్గులు, టీషర్టులు వేసే షాపాయన సబ్లిమేషన్ అంటున్నాడు, ఫ్లెక్సీ షాపులో ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు మీద యూవీ చాలంటున్నారు. ఏది మేలు?

గ్రీంస్‌పేట_ప్రింట్స్
దగ్గర నిలబడి చూసే ఫొటోకి సబ్లిమేషనే. రంగు ఆవిరై రేకు మీది పూతలోకి దిగిపోతుంది, గోరుతో గీకినా రాదు. యూవీలో ఇంకు అతినీలలోహిత కాంతికి పైనే గట్టిపడుతుంది, అంచులకు దెబ్బ తగిలితే పెచ్చులు లేస్తుంది. మూడు నాలుగడుగుల సైజయితే మాత్రం చిన్న షాపుల్లో యూవీయే దారి.

ముందు షాపాయన హీట్ ప్రెస్సు (వేడితో నొక్కే యంత్రం) సైజు అడగండి. చాలామంది దగ్గర ఉండేది 15×15 అంగుళాలది. 18 అంగుళాల రేకును అందులో రెండు దఫాలుగా నొక్కుతానంటే ఒప్పుకోవద్దు. రెండు నొక్కుళ్లు కలిసిన చోట పట్టీ పడుతుంది, బూడిదరంగు ఆకాశంలో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 16×24 ప్రెస్సు కావాలి. ప్రింటరు ఏ3 ప్లస్ (13×19 అంగుళాల కాగితం పట్టేది) ఉంటే సరిపోతుంది.

రేకు తెల్ల పూత ఉన్నదే తీసుకోండి. వెండిలా మెరిసే క్లియర్ రకం చూడ్డానికి బాగుంటుంది గానీ సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు ఉండదు, ఫొటోలో తెలుపు ఉన్నచోటల్లా రేకు రంగే బయటపడుతుంది. నావికుల తెల్ల యూనిఫాం కాస్తా తగరం రంగుకు తిరుగుతుంది. హాల్లో ట్యూబులైట్లు ఎదురుగా ఉంటే మెరుపు లేని మ్యాట్ రకం తీసుకోండి.

పీలేరు_లెన్స్
రేకు కంటే ముందు ఫైలు సంగతి చూడాలన్నా. 1800×1200ని 18×12కి సాగదీస్తే అంగుళానికి 100 పిక్సెళ్లే (100 పీపీఐ). ఓడ బాగానే ఉంటుంది, మనుషుల ముఖాలు మాత్రం చుక్కలైపోతాయి. 6×4 ప్రింటు ఎవరిదగ్గరైనా దొరికితే 600 పీపీఐలో స్కాన్ చేయించండి, 3600×2400 వస్తుంది, అంటే 200 పీపీఐ. అది చాలు. పేపరు కటింగయితే స్కానర్లో డీస్క్రీన్ పెట్టాలి, లేదంటే అచ్చు చుక్కలు గళ్లుగళ్లుగా తేలతాయి. ఏఐతో పెంచడం నాకు నచ్చదు: లేని ముఖాలు అతికిస్తుంది, ఓడ మీది ఆర్11 నంబరును ఏదో గిలుకుడుగా మారుస్తుంది. చరిత్ర ఫొటోకి అది తగదు.

నెగెటివ్ తిరగేసి స్కాన్ చేశారేమో కూడా చూడండి. విక్రాంత్ ఐలండ్, అంటే డెక్ మీది కట్టడం, ఓడ కుడివైపున ఉంటుంది. ముక్కు వైపు నుంచి తీసిన ఫొటోలో అది మనకు ఎడమ చేతివైపు కనబడాలి.

ఫైలు గ్రేస్కేల్లో ఇవ్వద్దు. కొన్ని డ్రైవర్లు నల్ల ఇంకు ఒక్కటే వాడేసి ఆకాశంలో రవ్వ తెస్తాయి. ఆర్‌జీబీకి మార్చి ఇవ్వండి. యూనిఫాంల తెలుపు (0 నుంచి 255 కొలతలో) 245 దాటకుండా దించితేనే మడతలు నిలుస్తాయి.

బైరాగిపట్టెడ
నొక్కేటప్పుడు జరిగే తప్పులు చెప్తా. రేకు మీది ప్లాస్టిక్ పొర పీకకుండా ప్రెస్సులో పెడతారు, అది కరిగి పూతకు అతుక్కుంటుంది. ప్రింటు సెట్టింగుల్లో మిర్రర్ (అద్దంలోలా తిప్పి అచ్చువేయడం) ఆన్ చేయకపోతే ఓడ నంబరు తిరగబడుతుంది. చెమ్మ ఉన్న కాగితం మచ్చలు తెస్తుంది, అందుకని ప్రింటయిన కాగితాన్ని రేకు మీద పెట్టక ముందే ప్రెస్సు వేడికి కొన్ని సెకన్లు చూపించాలి. కాగితాన్ని హీట్ టేపుతో బిగించి, 200 డిగ్రీల దగ్గర 60 నుంచి 90 సెకన్లు. రేకు రకాన్ని బట్టి టైము మారుతుంది కాబట్టి అదే రకం చిన్న ముక్క మీద తెలుపు నుంచి నలుపు దాకా మెట్లమెట్లుగా ఉన్న పట్టీ వేయించి చూడండి. నలుపు గోధుమరంగుకు తిరిగితే ఎక్కువ కాలింది. బూడిదరంగులో పచ్చ ఛాయ వస్తే తప్పు ప్రెస్సుది కాదు, ఆ ఇంకుకి, రేకుకి సరైన ఐసీసీ ప్రొఫైల్ (రంగులు సరిచేసే ఫైలు) లేనట్టు. అయిపోగానే వేడి మీదే కాగితం ఒక్క ఊపున లేపాలి. కాగితం పక్కకు జరిగిందా, ఫొటోలో ప్రతి తాడుకీ నీడ పడుతుంది.

కొర్లగుంట_తిరుపతి
సబ్లిమేషనే ఖాయం చేశాం. రేకుకి నేరుగా రంధ్రాలు వేసి మేకులు కొట్టొచ్చా? ఫొటోల హక్కుల సంగతేంటి?

గ్రీంస్‌పేట_ప్రింట్స్
రంధ్రాలొద్దు, పూత చిట్లుతుంది. 1.14 మిల్లీమీటర్ల రేకు 18×12లో 430 గ్రాములే ఉంటుంది. వెనక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చట్రం, అంచుకు రెండంగుళాలు లోపలికి. రేకు వెనకభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వీహెచ్‌బీ టేపు (రెండువైపులా గట్టిగా అంటుకునేది) అతికించి, ఒక రోజు బోర్లా ఉంచి తర్వాత తగిలించండి. పడమటి కిటికీ ఎండ పడే గోడ మాత్రం వద్దు, రంగు వెలిసిపోతుంది. తుడవడానికి మెత్తటి గుడ్డ చాలు. లోహమే కదా అని ఎవరైనా ఇత్తడి సామాను తోమే పొడి పట్టుకొస్తారు, ముందే చెప్పి ఉంచండి.

హక్కులంటారా, మన చట్టంలో 2012 సవరణ దాకా ఫొటోకి ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉండేది, ఇప్పుడు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు; ప్రభుత్వ ఫొటోకి మాత్రం ప్రచురణ లెక్కే. విక్రాంత్ ఫొటో ప్రభుత్వానిదై 1961లోనే ప్రచురితమైందయితే 2021తో తీరిపోయింది, కాకపోతే ఎవరిదో కనుక్కోవాలి. తారిణి ఫొటో ఎవరిదో కనుక్కుని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.