ల్యాగ్ తగ్గాలంటే ముందు మార్చవలసింది నెట్ ప్లానా, ల్యాప్‌టాపా?

పానగల్లు (నల్లగొండ):
రాత్రి తొమ్మిది దాటిన తరువాత వాలరెంట్ (ఆన్‌లైన్‌లో ఆడే తుపాకీల ఆట) మొదలుపెడితే ఆట ఆగి ఆగి నడుస్తోంది. మామూలుగా 35 దగ్గర ఉండే పింగ్ (సర్వర్‌కు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఉన్నట్టుండి 250 దాటుతుంది, ఎదుటివాడు గోడ చాటు నుంచి నాకు కనిపించే లోపే నేను చచ్చి పడి ఉంటాను. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. ల్యాప్‌టాప్ నాలుగేళ్ల నాటిది, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 300 ప్లాన్‌కు మారితే అంతా సర్దుకుంటుందని కేబుల్ ఆయన అంటున్నారు. ఆ డబ్బుతో ర్యామ్ వేయించుకొమ్మని మిర్యాలగూడలోని మా బావ పట్టుబడుతున్నాడు. దసరా లోపు ఈ రెండింటిలో ఒక్కదానికే నాన్న డబ్బులిస్తానన్నారు కాబట్టి, అనుభవం ఉన్న అన్నలు కారణంతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జూరాల (గద్వాల):
ప్లాన్ మార్చండి తమ్ముడూ. నిరుడు నేను 50 నుంచి 200కు మారిన రాత్రే ఈ బాధ వదిలింది. ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో వీడియోలు చూస్తుంటే ఆటకు నెట్ మిగలదని తెలుసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

డిండి (దేవరకొండ):
గద్వాల అన్నగారి అనుభవాన్ని కాదనను గానీ, దానికి ఆయన చెప్పిన కారణం సరైనది కాదు. ఇలాంటి ఆట నడుస్తున్నప్పుడు వాడుకునేది ఒకటి రెండు ఎంబీపీఎస్ కూడా దాటదు. వెళ్లేవీ వచ్చేవీ చిన్న చిన్న ప్యాకెట్లే, అంటే సమాచారపు తునకలే. అవి ఆలస్యం కాకుండా, దారిలో పోకుండా, ఒకే లయలో చేరడం ముఖ్యం. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఆట స్థితిని లెక్క కడుతుంది, అంటే ఒక్కో లెక్కకు ఎనిమిది మిల్లీసెకన్లు కూడా ఉండవు. నల్లగొండ నుంచి ఆట సర్వర్ ఉన్న ముంబైకి గీత గీసినట్టు పోతే ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు, ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, పోయి రావడానికి ఏడు మిల్లీసెకన్లు ఎలాగూ పడతాయి. తీగ హైదరాబాద్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం, మధ్యలో రూటర్ల దగ్గర ఆగడం కలిపితే మీకు కనిపించే 35 న్యాయమైన అంకే. ప్లాన్ 300 చేసినా, 1000 చేసినా ఆ 35 పెద్దగా తగ్గదు. సాగర్ ఎడమ కాలువను వెడల్పు చేసినంత మాత్రాన డ్యామ్‌కూ మన పొలానికీ మధ్య దూరం తగ్గుతుందా?

తేల్చుకోవలసింది 250 సంగతి. ఆట ఆడుతూనే రెండు కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే) కిటికీలు తెరిచి, ఒకదానిలో మీ ఇంటి రూటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది), రెండోదానిలో బయటి చిరునామా దేనికైనా ఆగకుండా పింగ్ పెట్టండి. రూటర్ పింగే ఎగిరితే దోషం మీ ఇంటి వైఫైది, దానికి కేబుల్ ఆయన ఏ ప్లాన్ ఇచ్చినా లాభం లేదు. రూటర్ పింగ్ కదలకుండా బయటిది మాత్రమే ఎగిరితే అప్పుడు గుమ్మం దాటి వెతకాలి.

జూరాల (గద్వాల):
కాలువ మాట మీరే ఎత్తారు కనుక అడుగుతున్నాను. పైన ఉన్న రైతులందరూ తూములు ఎత్తుకుంటే చివరి ఆయకట్టుకు నీళ్లు రావు కదా! అప్పుడు వెడల్పు పనికిరాదని ఎలా అంటారు? అయితే ఒక సంగతి దాచను. నేను ప్లాన్ మార్చినప్పుడు పాత రూటర్ తీసుకుపోయి, 5 గిగాహెర్ట్జ్ (రద్దీ తక్కువగా ఉండే తరంగాల) వైఫై ఉన్న కొత్తది పెట్టారు.

డిండి (దేవరకొండ):
ఆ చివరి వాక్యం మొదటే చెప్పి ఉంటే సగం చర్చ తప్పేది. చివరి ఆయకట్టు పోలికను మాత్రం ఒప్పుకుంటాను. ఒకరి ఫోన్ పెద్ద ఫైలు పంపుతున్నప్పుడు రూటర్ దగ్గర ప్యాకెట్ల వరుస పెరిగిపోయి, మన చిన్న ప్యాకెట్ ఆ వరుస చివర నిలబడుతుంది; దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. అక్కడ కూడా మొదటి మందు వారబందీయే, అంటే వంతులవారీగా వదలడమే. రూటర్‌లో ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల వరుసను అదుపులో ఉంచే సెట్టింగు) ఉంటే దాన్ని వేసి, హద్దును అసలు వేగానికి పది శాతం తక్కువగా పెడితే, ఎవరి వంతు వారికి వస్తుంది.

మూసీ (సూర్యాపేట):
గేమింగ్ వీపీఎన్ (మన నెట్‌ను వేరే సర్వర్ మీదుగా పంపే సేవ) పెడితే సరిపోతుందని ప్రకటనల్లో చూశాను.

డిండి (దేవరకొండ):
మీ నెట్ సంస్థ ముంబై ప్యాకెట్లను అనవసరంగా దూరపు దారిలో తిప్పుతుంటే తప్ప, వీపీఎన్ వల్ల దారి పెరుగుతుందే గాని తగ్గదు. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ దారిలోని ఒక్కో రూటర్‌ను, అక్కడ పట్టే సమయాన్ని చూపే కమాండ్) చూసుకోండి; మధ్యలో ఒక్క మజిలీ దగ్గర అంకె పెద్దగా కనిపించి ఆ తరువాతి మజిలీల్లో మామూలుగా ఉంటే భయపడనక్కర్లేదు, అలాంటి పింగ్‌లకు జవాబివ్వడం ఆ రూటర్‌కు చివరి పని.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్):
అందరూ నెట్ చుట్టే తిరుగుతున్నారు. పింగ్ ఎగరడం ఒక జబ్బు, ఫ్రేములు (తెర మీద సెకనుకు మారే బొమ్మలు) పడిపోవడం వేరొక జబ్బు. రెండింటినీ ల్యాగ్ అనే ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఆట సెట్టింగుల్లో గణాంకాలు తెరిచి, ఆగినప్పుడల్లా ఏ అంకె మారుతోందో చూడాలి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారు కావాలి, ఒక్కటి 80 తీసుకున్నా కంటికి అది నెట్ ఆగినట్టే కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీసే చిప్ కూడా మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. 8 జీబీ ఒకే కడ్డీగా ఉంటే సమాచారానికి ఒకే దారి, రెండో కడ్డీ పడితే రెండు దారులు. అందుచేత మీ బావగారి మాట తీసిపారేయదగినది కాదు.

వేడి సంగతి మరచిపోకండి. మన దగ్గర మే నెలలో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ అరగంటలో 95 దాటి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నా దానిలో ఫ్యాన్ జాలీకి పట్టిన దుమ్ము తీయిస్తే మెత్తటి కంబళి ముక్కలా ఊడి వచ్చింది.

పానగల్లు (నల్లగొండ):
మూడు రాత్రులు చూశాను. వైఫైలో రూటర్ పింగే 2 నుంచి 180 దాకా ఎగిరింది. రూటర్ ముందు గదిలో ఉంది, మధ్యలో రెండు గోడలు, పైగా అది 2.4 గిగాహెర్ట్జ్‌ది. గడియారం స్తంభం దగ్గర పదిహేను మీటర్ల ల్యాన్ కేబుల్ కొని తెచ్చి కలిపాక రూటర్ పింగ్ 1 దగ్గర నిలబడిపోయింది. అయినా పది గంటలకు కొద్దిసేపు బయటి పింగ్ మాత్రం 200కు పోతోంది. అది అమ్మ ఫోన్ ఛార్జింగ్ పెట్టే వేళ. ఆ రోజు తీసిన ఫొటోలూ వీడియోలూ అన్నీ అప్పుడే పైకి ఎక్కుతున్నాయి. స్పీడ్ టెస్ట్ చేస్తే డౌన్‌లోడ్ 95, అప్‌లోడ్ 10 చూపించింది. ఇక పిల్లలమర్రి అన్న చెప్పినట్టే, పింగ్ బాగున్నప్పుడు కూడా అరగంట తరువాత ఫ్రేములు 90 నుంచి 40కి పడుతున్నాయి. అడుగు మూత విప్పి చూస్తే ర్యామ్ ఒకే కడ్డీ, పక్కన ఒక గూడు ఖాళీగా ఉంది.

జూరాల (గద్వాల):
అప్‌లోడ్ 10 ఇచ్చి దాన్ని 100 ప్లాన్ అని అమ్మారన్నమాట. నా వాదన పూర్తిగా ఓడలేదని గమనించగలరు. 300 ప్లాన్‌లో అప్‌లోడ్ ఎంతో అడగకుండా వద్దని చెప్పకండి.

డిండి (దేవరకొండ):
అడగమనే చెబుతున్నాను. అడిగే లోపు అమ్మగారి ఫోన్‌లో బ్యాకప్‌ను తెల్లవారుజామున రెండు గంటలకు పెట్టండి, దానికి పైసా ఖర్చు లేదు.

పానగల్లు (నల్లగొండ):
ఆ ఫోన్‌లో వేళ మార్చుకునే వీలు లేదన్నా, అందుకే పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టమని అమ్మకు చెప్పాను. 300లో కూడా అప్‌లోడ్ 20 మాత్రమేనని కేబుల్ ఆయన చెప్పారు. నాన్న డబ్బుతో రెండో 8 జీబీ కడ్డీ తెప్పిస్తున్నాను. బావకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.