సికింద్రాబాద్ స్టేషన్ పాత బిల్డింగ్ మొత్తం పోయిందా? ముందు భాగమైనా ఉంచలేకపోయారా?

గోదావరి గట్టు:

నమస్తే అండీ. మాది రాజమండ్రి. చిన్న విషయానికి ఇంత పెద్ద పోస్టు ఏంటని తిట్టుకోకండి, చెప్పడం మొదలుపెడితే ఆగదు.

మా నాన్న 1983లో ఉద్యోగం వెతుక్కుంటూ మొదటిసారి హైదరాబాద్ వచ్చి దిగింది సికింద్రాబాద్ స్టేషన్‌లోనే. చేతిలో ఒక రేకు పెట్టె, జేబులో మా పెదనాన్న రాసిచ్చిన అడ్రస్ కాగితం. తీసుకెళ్లడానికి వస్తానన్నాయన రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడట, అప్పటిదాకా స్టేషన్ ముందు కమాన్ల కింద పెట్టె మీద కూర్చునే ఉన్నాడు. ఆ తరవాత నలభై ఏళ్లలో మా ఇంట్లోవాళ్లు ఎవరు హైదరాబాద్ వచ్చినా నాన్న చెప్పే మాట ఒకటే, "బయటికొచ్చి కమాను కింద నిలబడు, కదలకు." మా అక్క పెళ్లికి వచ్చిన చుట్టాలకీ అదే, నేను ఇంజినీరింగ్‌లో చేరడానికి వచ్చినప్పుడూ అదే. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా మార్చలేదు.

పోయిన నెల మోకాలి డాక్టర్‌కి చూపిద్దామని నాన్నని తీసుకొచ్చాను. టికెట్ దొరికిన రైలు సికింద్రాబాద్ దాకా రాలేదు, ఊరి శివార్లలో చర్లపల్లి స్టేషన్‌లోనే ఆగిపోయింది. డాక్టర్ దగ్గర పని అయ్యాక, ఒకసారి స్టేషన్ వైపు పోదాం, ఆల్ఫాలో టీ తాగుదాం అన్నాడు. ఆటో దిగాం. నాన్న అటూ ఇటూ చూసి "ఇటు కాదేమోరా, స్టేషన్ వెనకాల చిలకలగూడ వైపు దిగబెట్టాడేమో" అన్నాడు. వెనక్కి తిరిగి ఆల్ఫా హోటల్ బోర్డు చూశాక గానీ మేం సరైన చోటే ఉన్నామని ఆయనకి అర్థం కాలేదు. రేకులు, క్రేన్లు, దుమ్ము. ఇంకేం మాట్లాడలేదు. టీ కూడా సగమే తాగాడు.

కూల్చేశారని న్యూస్‌లో చూశాను, కానీ ముందు గోడైనా ఉంచి వెనకాల కట్టుకుంటారనుకున్నాను. నిజంగా ఏమీ మిగలలేదా? ఎందుకు ఉంచలేదు? ఎనభైల్లో, తొంభైల్లో తీసిన ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, నాన్నకి చూపిస్తాను.

చిలకలగూడ చిన్నోడు:

మిగలలేదు అన్నా. 2025 ఫిబ్రవరిలో పెద్ద మిషన్లు పెట్టి కొట్టేశారు. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాణ్ణి, కాబట్టి కళ్లారా చూశా.

పొద్దున పాల ప్యాకెట్ల కోసం బయటికొస్తే రోడ్డు మీద జనం, అందరి చేతుల్లో ఫోన్లు. మొదట ఏదో యాక్సిడెంట్ అనుకున్నా. చూస్తే కమాను ఒకటి సగానికి విరిగి ఉంది, లోపలి ఇటుకలు ఎర్రగా కనబడుతున్నాయి. చిన్నప్పటి నుంచీ తెల్ల సున్నమే చూశాం కదా, లోపల అంత ఎరుపు ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు, అదే మనసులో ఉండిపోయింది. పక్కన ఒక ఆటో ఆయన, అరవై ఏళ్లుంటాయేమో, ఒక్క ఫోటో కూడా తీయలేదు, బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. "ముప్పై ఏళ్లు దీని ముందే నిలబడ్డా బాబూ, ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. రోజూ దాని ముందు నుంచే 49ఎం బస్సు ఎక్కి కాలేజీకి పోయా, ఎన్ని కమాన్లున్నాయో అడిగితే చెప్పలేను.

ఇక్కడ అందరూ ఏడ్చారనుకోకండి. దుకాణాలవాళ్లకి గిరాకీ సంగతే టెన్షన్, మా అమ్మకేమో దుమ్ము బాధ. పక్క వీధి పిల్లలైతే "ఎయిర్‌పోర్ట్ లాగా అవుతుందంట" అని సంబరపడ్డారు. ఫేస్‌బుక్‌లో మాత్రం వారం రోజులు ఒకటే గోల. అందులో సగంమంది పదేళ్ల నుంచి ఆ వైపు రాని వాళ్లే, అది వేరే విషయం.

రోజూ ఎంఎంటీఎస్:

నాకు తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా. పోతే పోయింది.

పది ప్లాట్‌ఫాంలు, రోజుకి లక్ష మందికి పైగా జనం. దసరాకీ సంక్రాంతికీ అక్కడ ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకే తెలుసు. మా అత్తయ్యకి చక్రాల కుర్చీ లేకపోతే కుదరదు. ఆవిడతో ఒకసారి ఒకటో నంబర్ నుంచి పదో నంబర్‌కి వెళ్లి చూడండి, కమాన్ల అందం అప్పుడు గుర్తొస్తుందేమో చూద్దాం. కొత్త ప్లాన్‌లో ప్లాట్‌ఫాంలన్నిటి మీదుగా పెద్ద కాన్‌కోర్స్ వస్తుంది, పైన కూర్చుని రైలు టైముకి కిందికి దిగడమే. లిఫ్టులు, ఎస్కలేటర్లు, రెండు వైపులా బిల్డింగులు, పార్కింగు, మెట్రోకి నడిచి వెళ్లే దారి. ఏడు వందల కోట్ల పైన ఖర్చు. 2023 ఏప్రిల్ 8న ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారు, అదే రోజు తిరుపతి వందే భారత్‌కి జెండా ఊపారు. దాచిపెట్టి చేసిన పనేం కాదు కదా. రెండేళ్లు టైముంది, అప్పుడు ఎవరూ నోరు తెరవలేదు, బుల్డోజర్ వచ్చాక అందరూ చరిత్రకారులయ్యారు.

జ్ఞాపకాలు అందరికీ ఉంటాయి బాస్. నాకూ ఉన్నాయి. వాటి కోసం రోజూ తొక్కుకుంటూ నడవలేం.

కమాను కింద:

పైన రాసినాయన అత్తయ్య గారి సంగతి నిజమే, దాన్ని కాదనను. కానీ లిఫ్టు కావాలా కమాను కావాలా అన్నట్టు మాట్లాడటమే తప్పు. చెన్నై ఎగ్మూర్ చూడండి. 1908 నాటి ఎర్ర బిల్డింగు. అక్కడ కూడా ఏడు వందల కోట్ల పైచిలుకు పనే, కాన్‌కోర్స్ పనే, అయినా పాత బిల్డింగ్‌ని ఉంచి చుట్టూ కడుతున్నారు. అంటే ఇంజినీరింగ్‌కి చేతకాని పని కాదు.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. అందరూ "1874 నాటి నిజాం కట్టడం" అని పోస్టులు పెట్టారు. 1874 అనేది రైలు వచ్చిన ఏడు, కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి లైను పడిన ఏడు. స్టేషన్ వయసూ, మనం చూసిన ముఖద్వారం వయసూ ఒకటి కాదు. ఆ బిల్డింగ్‌కి మధ్యలో ఎన్నో మార్పులు, చేర్పులు, సున్నాలు పడ్డాయి. దాంతో కొందరు "అంత పాతది కాదులే, పోనీ" అన్నారు. నాకు అది నచ్చదు. మన తాత ముత్తాతల కాలం నాటిదైతేనే ఉంచాలా? మూడు తరాలు దాని కింద నిలబడ్డాయి, అది చాలదా?

హైదరాబాద్‌లో ఈ కథ కొత్తది కాదు. 1888లో ఆరో నిజాం కట్టించిన సైఫాబాద్ ప్యాలెస్, అదే మన పాత సెక్రటేరియట్‌లో జీ బ్లాక్. ప్యాలెస్‌కి వస్తుంటే ఉడుము అడ్డొచ్చిందని ఆయన అందులో కాలు పెట్టకుండా తాళం వేయించాడని కథ చెబుతారు. 2020 జులైలో సెక్రటేరియట్‌తో పాటు అదీ పోయింది, మీడియాని కూడా లోపలికి పోనివ్వలేదు. కూల్చుతుండగా అక్కడి గుడికీ మసీదులకీ దెబ్బ తగిలితే, చివరికి ముఖ్యమంత్రే విచారం వ్యక్తం చేయాల్సి వచ్చింది. దానికి ఏడాది ముందు ఇర్రమ్ మంజిల్ అనే పాత ప్యాలెస్‌ని కొట్టేసి కొత్త అసెంబ్లీ కడతామన్నారు. జనం కోర్టుకి వెళ్లారు, 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. అది నిలబడింది, ఇప్పటికీ ఉంది. ఎవరో ఒకరు ముందే పిటిషన్ పట్టుకుని వెళ్లారు కాబట్టి అది బతికింది. స్టేషన్ కోసం మనం ఎవరం వెళ్లాం? నేనూ వెళ్లలేదు, నన్ను నేనే తిట్టుకుంటున్నా.

రోజూ ఎంఎంటీఎస్:

ఇర్రమ్ మంజిల్ ఉంది సరే, లోపలికెళ్లి చూశారా ఎప్పుడైనా? చెట్లు మొలుస్తున్నాయి. కూల్చకపోవడం వేరు, కాపాడుకోవడం వేరు.

కమాను కింద:

ఈ ఒక్క విషయంలో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. అందుకే మొజంజాహీ మార్కెట్ పేరు చెప్తా. 1935 నాటిది. సందు సందునా రేకులు, ఫ్లెక్సీలు, మసి పట్టిపోయి ఉండేది, కొట్టేస్తే బాగుండు అన్నవాళ్లూ ఉన్నారు. కడిగి, రిపేరు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఇప్పుడు సాయంత్రం ఐస్‌క్రీం తింటూ ఫోటోలు దిగే జనంతో చోటు దొరకదు.

పాత గార్డు:

బాబూ గోదావరి గట్టు, నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. రెండు వైపులా కొంచెం చెప్పనివ్వండి.

ముందు మీ ప్రశ్నకి జవాబు. ముందు గోడ ఒక్కటే ఉంచడం వినడానికి బాగుంటుంది. కానీ కొత్త కాన్‌కోర్స్‌కి స్తంభాల పునాదులు ఎక్కడ దిగుతాయి, జనం ఎటు నుంచి వస్తారు, బండ్లు ఎక్కడ తిరుగుతాయి అన్నది ముందే గీసేస్తారు. పాతదాన్ని ఉంచాలంటే మొదటి గీత గీసేటప్పుడే ఉంచాలి. గీసేశాక అడిగితే అది అడ్డమే అవుతుంది. ఎగ్మూర్‌లో మొదటే అనుకున్నారు, ఇక్కడ అనుకోలేదు. ఇందులో ఇంతకుమించి రహస్యం ఏమీ లేదు.

ఇక స్టేషన్ అసలు ఇక్కడెందుకు పెట్టారో ఎంతమందికి తెలుసో గానీ, ఇంగ్లీషు వాళ్ల దండు ఇక్కడుంది కాబట్టి. నిజాం డబ్బుతో, దండు అవసరానికి వచ్చిన లైను అది. తరవాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అయింది, 1930లో నిజాం సర్కారు దాన్ని కంపెనీ నుంచి కొనేసింది. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966 అక్టోబర్ 2న. జోన్‌లకి పేర్లు మారాయి, యజమానులు మారారు, జనం మాత్రం ఇక్కడే దిగారు.

కూల్చిన రోజు నేను పోలేదు. మా ఆవిడ వీడియో చూపిస్తే ఆపేయమన్నాను. నాకు కమాన్లకంటే ఎక్కువ గుర్తొచ్చేది బరువు చూసే మిషను. ఎర్ర లైట్లు, గిరగిరా తిరిగే చక్రం. నాణెం వేస్తే టక్కుమని చిన్న అట్ట ముక్క పడేది, ఒక వైపు బరువు, ఇంకో వైపు జాతకం. డ్యూటీ లేని రోజుల్లో కూడా పిల్లల్ని తీసుకెళ్లేవాణ్ణి దానికోసమే. అది బిల్డింగ్‌తో పాటు పోలేదు, ఎప్పుడో ముందే పోయింది, దానికి ఎవరూ పోస్టు పెట్టలేదు.

ఫోటోల విషయం. ఇక్కడ ఉన్నవాళ్లంతా ఇళ్లలో పాత ఆల్బమ్‌లు తీయండి. పెళ్లి బృందాలు, తీర్థయాత్రలు, బదిలీ అయిన ఆఫీసర్లకి దండలు వేసిన ఫోటోలు, వాటి వెనకాల స్టేషన్ తప్పకుండా ఉంటుంది. మనిషి కోసం తీసిన ఫోటోలోనే గోడ దొరుకుతుంది. గోడ కోసం ఆ రోజుల్లో రీలు ఎవరూ ఖర్చు పెట్టలేదు.

చిలకలగూడ చిన్నోడు:

పెద్దాయన చెప్పాక మా అమ్మమ్మ ట్రంకు పెట్టె తీశా. 1991లో కాశీకి పోయేటప్పటి ఫోటో దొరికింది. పదకొండు మంది, అందరి మెడల్లో బంతిపూల దండలు, వెనకాల ఒక కమాను పూర్తిగా, ఇంకోటి సగం. మా మామయ్య తల అడ్డొచ్చింది. స్కాన్ చేసి రాత్రికి పెడతా. అమ్మమ్మ ముఖం మాత్రం బ్లర్ చేయొద్దంటోంది, "అందరూ చూడనీ" అంటోంది.

రోజూ ఎంఎంటీఎస్:

పెట్టండి పెట్టండి. నేను కఠినంగా రాసినట్టున్నా గానీ, అది చూడాలని నాకూ ఉంది.

ఇంకో మాట గోదావరి గట్టు గారూ, రాజమండ్రిలో మీ పాత హేవలాక్ వంతెన ఉంది కదా. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయాయి, అయినా గోదావరిలో అలాగే నిలబడి ఉంది. దానికి ఏదో ఒకటి చేయమని ఇప్పటి నుంచే అడగండి. ఇది వెటకారం కాదు.

గోదావరి గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. వంతెన సంగతి నిజమే, మేమూ దాన్ని చూస్తూ చూడనట్టే తిరుగుతున్నాం.

పాత గార్డు గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. కమాన్ల దగ్గర, నిజాం దగ్గర ఊఁ కొడుతూ ఉన్నాడు గానీ, బరువు మిషన్ అనగానే లేచి లోపలికెళ్లాడు. పాత ఎల్‌ఐసీ కాగితాల మధ్య నుంచి ఒక అట్ట ముక్క తెచ్చాడు. అంచులు నలిగిపోయాయి, జాతకం వైపు అక్షరాలు చెరిగిపోయాయి, బరువు మాత్రం కనబడుతోంది, 51 కిలోలు. అదే మొదటి రోజు, రెండు గంటలు కూర్చున్న రోజుదట. "వాడు ఎంతకీ రాడు, ఊరికే కూర్చుని ఏం చేయను, బరువు చూసుకున్నా" అన్నాడు.

ఇప్పుడు 78. మోకాలి డాక్టర్ చెప్పింది కూడా అదే, తగ్గించుకోమని. అట్ట ముక్క ఫోటో తీసి పెడతాను, అమ్మమ్మ గారి ఫోటో వచ్చాక దాని కింద.