చెల్లి సైకాలజీ చదువుతానంటోంది, దారి చెప్పగలరా?

నమస్కారమండీ. మాది గాజువాక. మా చెల్లి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్ వద్దు, సైకాలజీ చదువుతానంటోంది. నాన్నగారేమో "పిచ్చాసుపత్రి చదువుకి ఉద్యోగం ఎవరిస్తారే?" అన్నారు. ఆ మాటకి అది రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. విశాఖలో మానసిక రోగుల కోసం ఉన్న చినవాల్తేరు ఆసుపత్రి పేరెత్తితే చాలు, నవ్వేవాళ్లని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. అందుకే ఆయన భయమూ నాకు అర్థమవుతోంది.

నాకు తెలిసినంతలో సైకియాట్రిస్టు అవ్వాలంటే ఎంబీబీఎస్ చదివి, ఆపై ఎండీ చెయ్యాలి. క్లినికల్ సైకాలజిస్టుకి మామూలు ఎంఏ చాలదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర సంస్థ ఆమోదించిన కోర్సు చేసి అక్కడ నమోదు చేసుకోవాలి. చెల్లికి కావలసింది ఇదే. పిల్లలతో పనిచెయ్యాలని దాని కోరిక.

ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది కదా, అక్కడ పీజీ చేసినవాళ్లెవరైనా ఉన్నారా? డిగ్రీ విశాఖలోనే చదివిస్తే నష్టమా, హైదరాబాద్ పంపాలా? ఆమోదిత కోర్సులో సీటు రాకపోతే స్కూల్ కౌన్సెలర్‌గానో, కంపెనీల్లో హెచ్ఆర్‌లోనో మొదట్లో జీతం ఎంత ఉంటుంది? ఉన్నదున్నట్టు చెప్పండి. మీ జవాబులు నాన్నగారికి చదివి వినిపిస్తాను.