5200, 1943 అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కొత్తవి వేసినా మళ్లీ పోతున్నాయి, బోర్డు పారేయాల్సిందేనా?

కోనసీమ_సౌండ్:
అందరికీ నమస్తే. మా ఊళ్లో చిన్న సౌండ్ సర్వీస్ నడుపుతున్నాను. ఉన్నది ఒక్కటే ఆంప్లిఫయర్, లోకల్‌గా అసెంబుల్ చేసింది, చానెల్‌కి నాలుగు జతలు 5200, 1943, సప్లై ప్లస్ 60 మైనస్ 60 వోల్టులు. మొన్న పెళ్లి ఊరేగింపులో ఎడమ చానెల్ మీదే 8 ఓమ్స్ బాక్సులు నాలుగు కలిపి ఆడిస్తుంటే ఠప్‌మని శబ్దం, కాలిన వాసన, ఫ్యూజ్ ఎగిరిపోయింది, ఒక బాక్సులో స్పీకర్ కాయిల్ కూడా మాడిపోయింది. టౌన్‌లో మెకానిక్‌కి ఇస్తే కాలిన జతలు మార్చి స్విచ్ వేశాడు, వేసీ వెయ్యగానే మళ్లీ పోయాయి. ఇప్పుడు బోర్డు పనికిరాదు, కొత్తది వేయించుకోమంటున్నాడు. కుడి చానెల్ బాగానే ఆడుతోంది. నాకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి, దసరా బుకింగులు ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

సోల్డరింగ్_బాబాయి:
బోర్డు పారేయకు తమ్ముడూ. ట్రాక్ కాలి బొగ్గు అయితే తప్ప బోర్డు పోయేదేమీ ఉండదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయినప్పుడు వాటితోపాటు డ్రైవర్లు (వాటిని నడిపే ట్రాన్సిస్టర్లు), బేస్ రెసిస్టర్లు, ఎమిటర్ రెసిస్టర్లు కూడా పోతాయి, అవి చూడకుండా కొత్త జత పెడితే పేలక ఏమవుతుంది.

ముందు ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీ చెయ్యి. 1 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌ని ఒక్కో కెపాసిటర్ మీద ఒక నిమిషం పట్టుకుని మీటర్‌తో చూసుకో, స్క్రూడ్రైవర్ పెట్టి షార్ట్ చెయ్యొద్దు. తర్వాత ఎడమ చానెల్ అవుట్‌పుట్‌లన్నీ విప్పెయ్యి. బోర్డు మీదే చెక్ చేస్తే ఒక్కటి షార్ట్ అయినా ఆ వరసంతా షార్ట్ చూపిస్తుంది. విప్పాక మీటర్ డయోడ్ మోడ్‌లో కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి బీప్ కొట్టిందంటే అది పోయినట్టే, బేస్ నుంచి మిగతా రెండు కాళ్లకూ ఒకవైపు మాత్రమే 0.5, 0.6 దగ్గర రావాలి. డ్రైవర్లూ, వాటి ముందున్న చిన్నవీ ఇలాగే చూడు. 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్లు పైకి కొత్తగా మెరుస్తూ ఉన్నా లోపల ఓపెన్ అయి ఉంటాయి, కంటితో చూసి నమ్మొద్దు. నీకో పెద్ద లాభం ఏంటంటే కుడి చానెల్ బాగుంది, అనుమానం వచ్చిన ప్రతి చోటా పవర్ ఆపి రెండు చానెళ్ల రీడింగులూ పక్కపక్కన పెట్టి చూసుకో.

అన్నీ మార్చాక నేరుగా మెయిన్స్‌కి పెట్టకు. ఫేజ్ వైరులో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టు (ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు), స్పీకర్ తీసేసి, ఒకే ఒక్క జత బిగించి ఆన్ చెయ్యి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే కెపాసిటర్లు చార్జ్ అయినట్టు, భయం లేదు. అలాగే ధగధగా వెలుగుతూ ఉంటే ఇంకా ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపెయ్యి. బల్బు మందంగా ఉంటే స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ చూడు, 50 మిల్లీవోల్టుల లోపే ఉండాలి. అది సరిపోయాకే మిగతా జతలు.

ఓరుగల్లు_మెకానిక్:
బాబాయి చెప్పింది కరెక్ట్. నేను ఇంకోటి కలుపుతా. వేసిన వెంటనే పోయిందంటే నా అనుమానం బయాస్ మీద, అంటే పాట లేనప్పుడు అవుట్‌పుట్‌లలో పారే కొద్దిపాటి కరెంటుని నిర్ణయించే వోల్టేజీ మీద. హీట్ సింక్‌కి బిగించి మూడు వైర్లతో బోర్డుకి వచ్చే బిడి139 ట్రాన్సిస్టర్ ఉంటుంది చూడు, బయాస్‌ని అదుపులో పెట్టేది అదే, దాని కలెక్టర్ వైరో ఎమిటర్ వైరో తెగితే బయాస్ ఒక్కసారిగా పైకి లేచి, పాట పెట్టకుండానే అవుట్‌పుట్‌లన్నీ పూర్తిగా ఆన్ అయిపోతాయి. హీట్ సింక్ విప్పి బిగించేటప్పుడు ఆ వైర్లు తెగడం మామూలే. అది సరిచేశాక బయాస్ ప్రీసెట్‌ని (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) కనిష్ఠంలో పెట్టి మొదలుపెట్టు, తర్వాత ఎమిటర్ రెసిస్టర్ మీద 5 మిల్లీవోల్టులు వచ్చేదాకా మెల్లగా తిప్పు, 0.22కి అది సుమారు 23 మిల్లీ ఆంపియర్లు, చాలు.

5200ల్లో డూప్లికేట్లు విపరీతం. కాలిపోయిన దాన్ని కటింగ్ ప్లేయర్‌తో పగలగొట్టి లోపల చూడు, మినప్పప్పు బద్దంత సిలికాన్ ముక్క ఉంటే అది 150 వాట్ల సరుకు కానే కాదు. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి మంచివి చూసుకో, అన్నీ ఒకే లాట్‌వి తీసుకో. మైకా షీటు, పేస్టు మర్చిపోకు, బిగించాక కలెక్టర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య కంటిన్యుటీ రాకూడదు.

కోనసీమ_సౌండ్:
అన్నా, దొరికింది! బిడి139 ఎమిటర్ వైరు స్లీవ్ లోపల ఊడిపోయి ఉంది, పైకి అసలు కనిపించలేదు. ఒక డ్రైవరూ, రెండు ఎమిటర్ రెసిస్టర్లూ కూడా పోయాయి. అన్నీ మార్చి బల్బు పెట్టి ఒక్క జతతో ఆన్ చేస్తే ఒకసారి వెలిగి మందగించింది, అవుట్‌పుట్‌లో డీసీ 18 మిల్లీవోల్టులు. మిగతా జతలు రేపు బిగిస్తాను. ఇంకోసారి పోయినా స్పీకర్ కాలకుండా ఏం చెయ్యాలి?

సోల్డరింగ్_బాబాయి:
శభాష్. కాయిల్ ఎందుకు మాడిందంటే, ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే 60 వోల్టుల డీసీ నేరుగా 8 ఓమ్స్ మీద పడుతుంది, అంటే నాలుగొందల వాట్ల పైన వేడి, కోన్ కదలదు కాబట్టి చల్లారే దారి ఉండదు. యుపిసి1237 ఐసీ ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు పెట్టించు. రిలే మాత్రం చేంజోవర్‌ది తీసుకుని, స్పీకర్‌ని కామన్‌కి, ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని ఎన్‌ఓకి (రిలే ఆన్ అయితేనే కలిసే కాంటాక్టు), ఎన్‌సీని (రిలే ఆఫ్‌లో కలిసి ఉండేది) గ్రౌండ్‌కి కలుపు. మామూలుగా దొరికే రిలే కాంటాక్టుల మీద 30 వోల్టుల డీసీ అనే ఉంటుంది, 60 మీద విడిపోయేటప్పుడు నిప్పురవ్వ ఆగకుండా సాగుతుంది. ఇలా కలిపితే అది స్పీకర్‌లోకి పోకుండా గ్రౌండ్‌కి పోయి ఫ్యూజ్‌ని ఎగరగొడుతుంది.

అసలు సంగతి బాక్సులు. 8 ఓమ్స్‌వి నాలుగు ఒకే చానెల్‌కి కలిపితే 2 ఓమ్స్, 60 వోల్టులకి పీక్‌లో 30 ఆంపియర్ల దాకా లాగుతుంది, నాలుగు జతలు గంటల తరబడి దాన్ని మోయలేవు. చానెల్‌కి రెండే పెట్టు, 4 ఓమ్స్ కంటే కిందికి దింపకు. దసరాకి ముందు ఇంట్లో ఒక పూటంతా ఆడించి, హీట్ సింక్ మీద చెయ్యి ఆనుతోందో లేదో చూసుకున్నాకే బయటికి తీసుకెళ్లు.